వాడు చెప్పిన కోనసీమ

కోనసీమ నుంచి మొన్ననే కర్నూలు తిరిగొచ్చాను. విన్న మాటలు, చూసిన ముఖాలు చెదిరిపోకముందే రాసి పెట్టుకుందామని కూర్చున్నాను. వెళ్లింది మా స్కూలు స్నేహితుడి సంవత్సరీకానికి. పోయిన మాఘంలో గుండెపోటుతో పోయాడు, నలభై ఐదేళ్లు. ఇంట్లోవాళ్లని అడగకుండా పేరు రాయడం నాకిష్టం లేదు, అందుకని వాడు అనే రాస్తాను.

వాళ్ల నాన్నగారు ఇరిగేషన్‌లో పనిచేసేవారు. కేసీ కెనాల్, అంటే కర్నూలు-కడప కాలవ మీదకి బదిలీ అయితే కుటుంబమంతా కర్నూలొచ్చింది, వాడు ఎనిమిదో తరగతిలో మా బెంచీలోకి వచ్చాడు. మొదటిరోజు హాజరు పిలుస్తుంటే మేమంతా ‘ప్రెజెంట్ సార్’ అంటున్నాం, వాడు లేచి నిలబడి ‘ఆయ్, వచ్చానండి’ అన్నాడు. క్లాసంతా నవ్వింది. వాడు కూడా మాతో కలిసి నవ్వేసి కూర్చున్నాడు. ఆరోజు నుంచి పదో తరగతి పరీక్షలయ్యేదాకా వాడు మాట్లాడుతూనే ఉన్నాడు, అదీ ఎప్పుడూ వాళ్ల ఊరి గురించే. ఏటి మీద నుంచి కాలవ పోతుందనేవాడు. కాగితం కంటే పల్చటి రేకులతో మిఠాయి చేస్తారనేవాడు. పచ్చని వరిచేలో నుంచి దేవుణ్ణి మోసుకుపోతే ఆ చేను రైతు దండం పెట్టుకుంటాడనేవాడు. ఎండాకాలం వస్తే తుంగభద్రలో ఇసుక తప్ప ఏమీ కనపడని ఊరు మాది, సగం నమ్మేవాళ్లం, సగం కోతలనుకునేవాళ్లం. నేను అటు వెళ్లడం ఇదే మొదలు. వాడు చెప్పినవన్నీ కళ్లారా చూడాలని ఒకరోజు ముందుగానే బయల్దేరాను.

బుధవారం: రాజమండ్రి, ధవళేశ్వరం

పొద్దున్నే పుష్కరఘాట్ మెట్ల మీద కూర్చున్నాను. చలికాలం పోతున్న రోజులు, నీళ్ల మీద పొగమంచు ఇంకా పూర్తిగా తొలగలేదు. అవతలి ఒడ్డు కనపడని నదిని మాలాంటివాళ్లం ఊహించుకోలేం, చూడాల్సిందే. మూడు రైలు వంతెనలు, అందులో 1900లో తెరిచిన పాత హేవలాక్ వంతెన మీద ఇప్పుడు రైళ్లు లేవు. వాడు అన్నింటికంటే ఎక్కువగా చెప్పింది రోడ్డూ రైలూ ఒకదాని మీద ఒకటి పోయే వంతెన గురించి. అది 1974 నుంచీ ఉంది, పైన బస్సు, కింద రైలు. దాన్ని చూస్తూ రోజ్‌మిల్క్ తాగాను. బాగుంది, తీపి కాస్త ఎక్కువ.

ధవళేశ్వరం వెళ్లే బస్సులో వెనక సీటు నుంచి ఎవరో ఫోన్లో ‘ఆయ్, బయల్దేరానండి’ అన్నారు. చటుక్కున వెనక్కి తిరిగాను. ఎవరో పెద్దాయన, ఒళ్లో కూరగాయల సంచి. ఆ తర్వాత ఇంక ఎన్నిసార్లని తిరుగుతాం, బస్సు బస్సంతా వాడి గొంతే. కండక్టరు ‘ముందుకి జరగాలండి’ అంటాడు, చిల్లర లేదని చెప్పే తీరూ అదే. వాడి మాటతీరు వాడిదే అనుకుని ఇన్నేళ్లూ దాచుకున్నాను, చూస్తే అది ఈ నేలంతటిదీ.

గోదావరి మీద ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ మ్యూజియంలో ఎక్కువసేపు ఉన్నాను. వాళ్ల నాన్నగారి పుణ్యమా అని వాడికి ఆనకట్ట కథంతా కంఠతా వచ్చు. 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తిచేశారనీ, మధ్యలో లంకలున్నాయి కాబట్టి ఆనకట్ట ఒకటి కాదు నాలుగు ముక్కలనీ, క్లాసురూం నేల మీద సుద్దతో గీసి చూపించేవాడు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. మాకు సోషల్‌లో మార్కులు రాకపోయినా ఈ నాలుగు పేర్లు మాత్రం వచ్చేవి. పాత ఆనకట్ట స్థానంలో తర్వాత బ్యారేజీ కట్టారు, మొత్తం 175 గేట్లు. బస్సు దాని మీద నుంచే పోయింది. ధవళేశ్వరం ముక్క దాటాక లంక, ర్యాలి ముక్క దాటాక బొబ్బర్లంక, అక్కడ బస్సు ఎడమకి తిరిగింది, మద్దూరు, విజ్జేశ్వరం ఎదురుగా ఉండిపోయాయి. నేలమీద సుద్దగీతలు ఎలా ఉన్నాయో అలాగే ఉంది. వెంట్రుకంత తేడా కూడా లేదురా అని చెప్పడానికి పక్కన వాడు లేడు.

అదే సాయంత్రం: ఆత్రేయపురం, తర్వాత దారి తప్పడం

తొమ్మిదో తరగతి సంక్రాంతి సెలవులయ్యాక వాడు స్టీలు క్యారేజీలో పూతరేకులు తెచ్చాడు. అంత దూరం ప్రయాణంలో అన్నీ నలిగి పొడైపోయాయి, ఆ పొడినే చేతుల్లో పోసుకుని నాకాం. అవి ఎలా చేస్తారో ఎన్నిసార్లు చెప్పినా మాకు అర్థం కాలేదు.

ఆత్రేయపురంలో ఒక ఇంటి వసారాలో ఒకావిడ చేస్తుంటే నిలబడి చూశాను. కుండని బోర్లించి పెట్టారు, కింద ఎండు కొబ్బరాకుల మంట. పల్చటి బియ్యప్పిండి నీళ్లలో గుడ్డ ముంచి కుండ మీద నుంచి ఒక్క లాగు లాగింది, అంతే, రేకు వచ్చేసింది. మంట కాస్త ఎక్కువైతే మాడుతుంది, తక్కువైతే ఊడిరాదు, చూపంతా మంట మీదే. మాట్లాడుతూనే చేస్తోంది, ‘తమరు ఎక్కణ్ణించండి’ అని అడిగింది, కర్నూలంటే ‘అమ్మో, బాగా ఎండలంట కదండీ’ అంది. పొద్దున్నుంచి మంట ముందు కూర్చున్న మనిషి ఆ మాట అనడం చూసి ఏం చెప్పాలో తెలియలేదు. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, బజారంతా బోర్డుల మీద అదే రాసుకున్నారు. బెల్లం, నెయ్యి వేసినవి పది ఉన్న పెట్టె 200 రూపాయలకి తీసుకున్నాను. పంచదారవి కంటే బెల్లంవే బాగుంటాయి, ఈ విషయంలో వాడితో నాకు ఎప్పుడూ గొడవే లేదు.

వాళ్ల ఊరు అంబాజీపేటకి దగ్గర. రావులపాలెం మీదుగా వెళ్లి చివర్లో ఆటో ఎక్కాను, అప్పటికి చీకటి పడింది. ఫోన్లో మ్యాప్ చూపించిన దారి కొబ్బరితోటల మధ్య ఒక పుంతలోకి పోయి కాలవ గట్టు దగ్గర ఆగిపోయింది. అక్కడ కాలవ దాటడానికి ఉన్నది రెండు తాటిదుంగలు. ఆటో అతను ‘వెనక్కి తిప్పితే చుట్టూ తిరిగి వెళ్లాలండి, టైమవుద్దండి’ అంటూ దిగి అటూ ఇటూ చూశాడు. అవతలి గట్టు మీద సైకిల్ నడిపించుకుంటూ పోతున్న ఒకాయన్ని కేకేశాడు. ఆయన సైకిల్ అక్కడే పెట్టి దుంగల మీద నుంచి వచ్చి నా బ్యాగు భుజాన వేసుకున్నాడు. నేను అడుగులో అడుగు వేసుకుంటూ దాటాను. ఎవరింటికండి అన్నాడు. చెప్పాను. కొంచెం సేపు ఏమీ అనకుండా నడిచి, ‘తమరు కర్నూలాయన కదండీ’ అన్నాడు.

ఎలా తెలుసని అడిగితే, ఈ ఊరికి ఆ ఇంటికి రాత్రిపూట బ్యాగేసుకుని వచ్చేది ఇంకెవరుంటారండి అన్నాడు. ఇంటిదాకా దింపి, టీ తాగమంటే వద్దని వెళ్లిపోయాడు. ఆటో అతను నా దగ్గర 150 తీసుకోవాల్సింది వంద చాలని పంపించేశాడు, దారి పూర్తిగా దింపలేదు కదండీ అని.

గురువారం: వాళ్ల ఇల్లు

నన్ను వాళ్లమ్మగారు 1995లో చూసిందే చివరిసారి. ‘నువ్వేనా బాబూ’ అని రెండు చేతులూ పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. ఏడవలేదు. రాత్రి అన్నం తిన్నావా, దోమలు కుట్టాయా, వేణ్ణీళ్లు పెట్టమంటావా, వరసగా ఇవే అడిగింది.

కార్యక్రమం వాడి తమ్ముడు చేశాడు, వాడికి ఒక్కతే కూతురు, తొమ్మిదో తరగతి. ఆ కార్యక్రమం గురించి ఎక్కువ రాయలేను. పదకొండున్నరకి అయిపోయింది, తర్వాత భోజనాలు.

భోజనాల గురించి మాత్రం రాయాలి. పెరట్లో కొబ్బరి చెట్ల కింద పొడుగ్గా బల్లలు వేశారు. అరిటాకులో గారెలు, పనసపొట్టు కూర, కంద బచ్చలి, ముక్కల పులుసు, పులిహోర, బూరె మధ్యలో గుంట చేసి అందులో నెయ్యి. పనసపొట్టు ఆవ పెట్టి చేశారు, ముక్కుకి ఘాటు తగిలింది. మా వైపు వద్దంటే వద్దే, ఇక్కడ వద్దంటే అది మాట వరసకి అన్నదని వాళ్ల లెక్క. ‘ఇంకొక్క గారె వేయించుకోవాలండి’ అని ఒకరు, ఆ గారె అయ్యేలోపు ఇంకొకరు. తోటల్లో దింపు తీసేవాళ్లు, కాయ ఒలిచేవాళ్లు, లారీలకి ఎత్తేవాళ్లు అందరూ అదే బల్ల మీద, అదే వడ్డన. ఇంటివాళ్లు ఆఖరున తిన్నారు. బడిలో వాడు డబ్బా తెరిస్తే ముందు మా అందరికీ పెట్టి చివర్లో తను తినేవాడు. అదీ ఇక్కడిదేనన్నమాట అనుకున్నాను.

నేను అస్సలు ఊహించనిది ఆ బల్లల దగ్గరే విన్నాను. పక్కన కూర్చున్న ఒక పెద్దాయన, వాడితో ఇరవయ్యేళ్లు కొబ్బరి వ్యాపారం చేసినవాడు, వాడి గురించి చెబుతూ ‘మనిషి బంగారమండి, కాకపోతే మాట్లాడేవాడు కాదండి’ అన్నాడు. వేరే ఎవరి గురించో అనుకున్నాను. అవతల వ్యక్తి కూడా అదే మాట. బేరం కూడా రెండు ముక్కల్లో తేల్చేసేవాడట, కొట్లో కూర్చుంటే పొద్దుగూకేదాకా ఉలుకూ పలుకూ ఉండేది కాదట. మా క్లాసులో నోరు మూయించడానికి వాడిని కిటికీ పక్క నుంచి మొదటి బెంచీకి మార్చారు, అప్పుడూ ఆగలేదు.

మధ్యాహ్నం వాళ్లమ్మగారిని అడిగాను. ఆవిడ చాలాసేపు తమలపాకులు తుడుస్తూ కూర్చుని, ‘తుపానప్పటి నుంచీ అంతే బాబూ’ అంది. 1996 నవంబరు 6. ఆ రాత్రి కోనసీమని తాకిన తుపానులో వెయ్యి మందికి పైగా పోయారు, కొబ్బరి చెట్లు లక్షల్లో కూలాయి. వాడప్పుడు ఇంటర్ రెండో ఏడు. తెల్లారి తోటలోకి వెళ్తే నిలబడి ఉన్న చెట్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చట. కొబ్బరి మొక్క వేస్తే కాపుకి ఆరేడేళ్లు పడుతుంది, అప్పటిదాకా ఇల్లు గడవాలి, వాళ్ల నాన్నగారి ఆరోగ్యం అప్పటికే బాగాలేదు. వాడు కాలేజీ మానేసి పడిపోయిన చెట్లు కోయించి, మొద్దులు తీయించి, మళ్లీ మొక్కలు వేశాడు. నాకు ఆ రోజుల్లో వాడు రాసిన ఇన్‌లాండ్ ఉత్తరం ఒకటి ఇప్పటికీ ఉంది, అందులో ‘మా తోట కొంచెం దెబ్బతింది, నువ్వెలా ఉన్నావు’ అని ఒకే ఒక్క వాక్యం, మిగతాదంతా మన హిందీ సారు ఎలా ఉన్నారు, కొండారెడ్డి బురుజు దగ్గర మిరపకాయ బజ్జీల బండి ఉందా అనే.

‘ఒక్క కర్నూలు సంగతి ఎత్తితే మాత్రం ఆపేవాడు కాదు’ అందావిడ. అప్పుడు అర్థమైంది, దుంగల మీద బ్యాగు మోసినాయనకి నేనెలా తెలుసో.

సాయంత్రం వాడి భార్య పళ్లెంలో ఉగ్గాని, బజ్జీ తెచ్చి పెట్టింది. కోనసీమలో, కొబ్బరితోట మధ్యలో, మా ఊరి ఉగ్గాని. ‘ఆయన చెప్పి చెప్పి నేర్పించారు బావగారూ, ఇక్కడి మరమరాలు తొందరగా మెత్తబడిపోతాయి, మీ బొరుగుల్లా రాదనేవారు’ అంది. పుట్నాల పొడి సరిగ్గా పడింది, నిమ్మకాయ కూడా. చాలా బాగుందమ్మా అన్నాను, నిజంగానే బాగుంది. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి కర్నూలు మునిగినప్పుడు వాడు ఎలా వచ్చాడో ఆమెకి చెప్పాను. నీళ్లు తీసీ తీయకముందే బ్లీచింగ్ పౌడరు, టార్పాలిన్లు, పారలు వేసుకుని దిగాడు. మేమంతా బురద ఎండాక తీద్దామని కూర్చుంటే వాడు ఒప్పుకోలేదు, ఎండితే గోడకి పట్టేసి గునపంతో కూడా రాదు, తడిగా ఉండగానే నీళ్లు కొట్టి తోసేయాలని వీధి వీధంతటి చేతా చేయించాడు. కరెంటు మెయిన్ ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. మా అమ్మ పెళ్లినాటి ఫోటోలు ఒక్కొక్కటీ విడదీసి నీడలో ఆరేశాడు. ఆ కబుర్లేవీ ఇంట్లో చెప్పలేదట, కర్నూల్లో పనుందని వెళ్లి వారం తర్వాత వచ్చారంతే అంది. వింటూ పక్కనే కూతురు నిలబడి ఉంది.

శుక్రవారం: అంబాజీపేట, గన్నవరం

వాడి తమ్ముడు బండి మీద అంబాజీపేట తీసుకెళ్లాడు. ముందు పొట్టిక్కలు. పనసాకులని పుల్లలతో కుట్టి చిన్న బుట్టలు చేసి అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి పెడతారు, ఆకు వాసన పిండికి పడుతుంది. కొబ్బరి పచ్చడితో తిన్నాం.

కొబ్బరి మార్కెట్లో ధర వెయ్యి కాయల లెక్కన చెబుతారు. ఒలిచిన పచ్చికాయ ఒక రాశి, కురిడీ ఒక రాశి. కురిడీ అంటే కాయని నెలల తరబడి నిలవ ఉంచితే లోపలి నీరు ఇంకి కొబ్బరి ఎండి చిప్పలో ఆడుతుంది, ఊపితే తెలుస్తుంది. అందులో మళ్లీ గండేరా, గటగటా అని రకాలు. వాడు ప్రతి కాయనీ చెవి దగ్గర పెట్టుకుని ఊపి వినేవాడని తమ్ముడు చెప్పాడు. వాడి కొట్లో కుర్చీ అలాగే ఉంది. గోడమీద క్యాలెండర్ల పక్కన ఒక ఫోటో, కొండారెడ్డి బురుజు ముందు మా పదో తరగతి గుంపు. నాకు ఇరుకైన చొక్కా, వాడు ఏదో చెబుతూ నోరు తెరిచి ఉన్నాడు.

పి.గన్నవరం అక్విడక్ట్ దగ్గర బండి ఆపించాను. కింద వైనతేయ గోదావరి, పైన కాలవ, వాడు చెప్పింది అక్షరాలా నిజం. బ్రిటిష్ కాలంలో కట్టింది పాతబడితే పక్కనే కొత్తది కట్టి దానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. లంకల గన్నవరంలో ఉంటూ వేళాపాళా లేకుండా వచ్చినవాళ్లందరికీ అన్నం పెట్టిన తల్లి, 1909లో పోయారు. ఇప్పుడు బడి పిల్లల మధ్యాహ్న భోజనానికీ ఆవిడ పేరే. జగ్గన్నతోట కూడా చూపించాడు తమ్ముడు, కనుమనాడు ఏకాదశ రుద్రుల ప్రభలు, అంటే దేవుణ్ణి పెట్టి మోసుకొచ్చే అలంకరించిన చట్రాలు, వచ్చేది అక్కడికే. ప్రభలు చేలో నుంచి పోతే రైతులేమీ అనరా అని అడిగాను. ‘మా చేలోంచి పోలేదేంటని బాధపడతారండి’ అన్నాడు.

శనివారం: పాశర్లపూడి మీదుగా అంతర్వేది

వాడి కూతురూ వస్తానంది, కారులో వెళ్లాం. కొంచెం చుట్టైనా పాశర్లపూడి మీదుగా పోదామన్నాను. 1995 జనవరి 8న అక్కడ గ్యాస్ బావి అంటుకుని 65 రోజులు మండింది. మేం పబ్లిక్ పరీక్షలకి చదువుకుంటున్న రోజులవి. రాత్రిళ్లు కూడా వెలుగు తగ్గట్లేదని, గోడలు అదురుతున్నాయని వాళ్ల నాయనమ్మ ఉత్తరం రాయించింది, వాడు ఆ ఉత్తరం పుస్తకంలో పెట్టుకుని తిరిగేవాడు. పేపరొస్తే ముందు ఆ వార్తే చదివి మాకు చెప్పేవాడు. ఇప్పుడక్కడ రోడ్డు పక్క చేలు, చెట్లు, ఏమీ తెలియని మామూలు ఊరు.

అంతర్వేదిలో తీర్థం అయిపోయి జనం పల్చబడ్డారు. 2020 సెప్టెంబరులో పాత రథం కాలిపోయాక 2021లో చేసిన కొత్త రథం చూశాం. ఈ గుడి కట్టించినవాడు బెండమూర్లంకకి చెందిన కోపనాతి కృష్ణమ్మ. గుళ్లోంచి అన్నాచెల్లెళ్ల గట్టుకి వెళ్లాం, వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసేది అక్కడే. దారిలో బొండాలు కొట్టించుకున్నాం, ఒకటి 30.

ఆ పిల్ల అప్పటిదాకా నాతో పెద్దగా మాట్లాడలేదు. గట్టు మీద కూర్చున్నాక మొదలుపెట్టింది.

‘పెదనాన్నగారూ, బురుజు కింద సొరంగం గద్వాల దాకా ఉంటుందంట కదండీ, నిజమేనా?’

ఉందని మా ఊళ్లో అందరూ చెప్పుకుంటారన్నాను.

‘నాన్న దాంట్లో సగం దూరం వెళ్లారంట కదండీ, మీరు భయపడి వెనక్కి వచ్చేశారంట.’

ఒక్క క్షణం ఆగాను. ఆ సొరంగానికి ఊచల గేటు, తాళం. మేమిద్దరం ఊచల్లోంచి తొంగిచూసి లోపల గబ్బిలాల వాసన వస్తే పారిపోయి వచ్చాం. అదే చెప్పాను. నాన్న అంత బాగా చెబుతుంటే నిజం కాదని ఎప్పుడూ అనిపించలేదంది. మాక్కూడా అంతేనమ్మా, క్లాసులో మీ ఊరి గురించి వాడు చెబుతుంటే అనిపించేది కాదు అన్నాను. తర్వాత వరసపెట్టి అడిగింది. ఎండాకాలం తుంగభద్రలో నడిచి అవతలి ఒడ్డుకి పోవచ్చా, జొన్నరొట్టె చేత్తోనే కొడతారా, హిందీ సారు నిజంగా పాటలు పాడేవారా, మీరిద్దరూ ఏ బెంచీ. చీకటి పడేదాకా చెబుతూనే ఉన్నాను. వాడికి ఈ ఊరు మాకు చెప్పడం తెలుసు, మా ఊరు వీళ్లకి చెప్పడం తెలుసు, ఎక్కడున్నా రెండోదాని కోసం మనసు కొట్టుకునేది. ఆ మాటతీరు గోదావరిది, ఆ వడ్డన గోదావరిది, కానీ ఇది మాత్రం వాడి ఒక్కడిదే.

ఆదివారం: సఖినేటిపల్లి రేవు

నరసాపురంలో రైలు ఎక్కాలి, అక్కడికి పంటు మీద గోదావరి దాటి వెళ్లాలి. పంటు మీద మోటారు సైకిళ్లు, కార్లు, గడ్డిమోపులు, లేసు అల్లికల మూటలు, పిల్లలు, టికెట్ ఒక టీ ధర కంటే కాస్త ఎక్కువ. రేవు దాకా అందరూ వచ్చారు. వాళ్లమ్మగారు కొబ్బరికాయల సంచి ఇచ్చింది, రైల్లో బరువని ఎంత చెప్పినా వినలేదు. వాడి భార్య బొరుగులు పంపమంది, మంచివి చూసి.

వేసవి సెలవులకి వస్తామని ఆ పిల్ల అంది. ఎండల్లో వద్దమ్మా, దసరా సెలవులకి రండి అన్నాను. బురుజు ఎలాగూ ఊరి మధ్యలోనే ఉంది. ఓర్వకల్లు రాళ్లు ఒకరోజు, బెలుం గుహలు ఒకరోజు. ఇంకో పూట సుంకేసుల తీసుకెళ్తాను, వాళ్ల తాతగారు పనిచేసిన కేసీ కెనాల్ మొదలయ్యేది అక్కడే, అక్టోబరులో నీళ్లు కూడా బాగా ఉంటాయి.